నీళ్ళలో మిగిలిన బర్రెలు

మా అపార్ట్‌మెంట్ల వెనక ఒక బీచ్ ఉంది. హైదరాబాద్‌లో బీచ్ ఏమిటని మా బంధువులు ఫోన్లో నవ్వుతారు. నిజానికి ఉన్నది చెరువే. మణికొండ వైపు బండరాళ్ళు పగలగొట్టి టవర్లు కట్టాక, చెరువును ఆనుకుని మిగిలిన వాలు మీద బిల్డరు లారీలకొద్దీ ఇసుక పోయించాడు. అందులో ప్లాస్టిక్ కొబ్బరిచెట్లు పాతించి, వాటికి సీరియల్ లైట్లు చుట్టించాడు. ఫ్లాట్లు అమ్ముకునే రంగుల కాగితం మీద దానికి బీచ్ అని పేరు పెట్టాడు. కాగితాలు పోయాయి, పేరు నిలిచిపోయింది. ఇప్పుడు చంటిపిల్లలు కూడా "బీచ్‌కి పోదాం" అనే ఏడుస్తారు.

మా అమ్మ కాకినాడ దగ్గర సముద్రపు ఒడ్డున పుట్టి పెరిగింది. ఇక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. మేమిద్దరం ఈ ఫ్లాట్‌లో అద్దెకు దిగిన కొత్తలో ఆ బీచ్ చూడ్డానికి ఎంతో ముచ్చటపడి వెళ్ళింది. కాసేపు నిలబడి, "ఉప్పుగాలి లేదు, కెరటం లేదు, కనీసం చేపల కంపైనా లేదు. ఇదేం బీచే" అని వెనక్కి తిరిగింది. మళ్ళీ అటు వెళ్ళలేదు. నేను మాత్రం ఆ రోజు నుంచి వదల్లేదు.

నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాదు. ఆఫీసు మీటింగుల్లో మైకు మూసేసుకుని, చెప్పాల్సింది చాట్‌లో టైప్ చేస్తాను. నా సంచిలో ఎప్పుడూ ఒక పుస్తకం ఉంటుంది. లంచ్‌లో దాని వెనక దాక్కుంటాను. అయితే నీళ్ళ ఒడ్డున ఆడపిల్ల ఊరికే నిలబడితే అక్కడ పుస్తకం కూడా కాపాడదు. ఎవరికోసం చూస్తున్నావమ్మా, ఒంట్లో బాగాలేదా, ఏ టవర్ అని వాకింగ్‌కి వచ్చినవాళ్ళందరూ ఆగి పలకరిస్తారు. మెడలో కెమెరా ఉంటే ఎవరూ అడగరు. ఏదో పని మీద ఉందనుకుంటారు. మా టీమ్‌లో ఒకమ్మాయి సరదా తీరిపోయి అమ్మేస్తానన్న కెమెరాను నేను కొనడానికి మొదటి కారణం ఇదే. ఫోటోల మీద ఇష్టం తర్వాత పుట్టింది. పుట్టాక నన్ను పూర్తిగా లాగేసుకుంది.

నాకు పెద్ద విద్య రాదు. పుస్తకం చదివి వెలుతురు గురించి కొంత, చెడగొట్టి కొంత నేర్చుకున్నాను. పొద్దున ఆ ఇసుక మీద దొరికేవి తీస్తాను. పొడుగు కాళ్ళ పిట్టల అడుగులు, రాత్రి ఎవరి పుట్టినరోజో అయ్యాక గాలి సగం దిగిన బెలూను, ఒంటి చెప్పు. చలికాలంలో చెరువు మీద మంచు లేచి అవతలి ఒడ్డున ఆఫీసు టవర్ల తలలు తినేస్తుంది. మా కంపెనీ ఉన్న అంతస్తు పూర్తిగా మాయమైపోయిన ఫోటో ఒకటి ఉంది. దాన్ని సోమవారాల్లో తీసి చూసుకుంటాను. తీసినవాటి గురించి డైరీలో ఏమీ రాయను. తీయలేకపోయినవి రాస్తాను.

ఆ బీచ్‌కి రోజూ వచ్చేది నేనొక్కదాన్నే కాదు. బర్రెలు వస్తాయి. టవర్ల వెనక పాత ఊరి ఇళ్ళు కొన్ని ఇంకా మిగిలి ఉన్నాయి. కంచె చివర రాళ్ళ మధ్య సందులోంచి అవి ఒక్కొక్కటే దిగి, ఇసుకలో నడిచి నీళ్ళలోకి పోతాయి. టవర్లు రాకముందు నుంచీ వాటి దారి అదే. మధ్యలో ఇసుక పోసి పేరు మార్చారని వాటికి ఎవరూ చెప్పలేదు.

వాటి వెనక ఒకావిడ వస్తుంది. నడుముకి దోపిన చీర, చేతిలో కర్ర, జాకెట్‌లో దూర్చిన ఫోన్‌లోంచి ఏదో ఒక పాట. మొదటిసారి నేను కెమెరా ఎత్తగానే ఆగి చూసింది.

"ఏంది బిడ్డా, నా బర్రెల్ని ఫోటో తీస్తున్నవ్? వీటికేమన్న సంబంధం చూస్తున్నవా?"

నేను నవ్వి తల అడ్డంగా ఊపాను.

"చూస్తే చూడు. గా ముందట పోయేదానికి మాత్రం వద్దు. దానికి ఒక కొమ్ము ఇర్గింది, ఎవడు చేసుకుంటడు?" అని తనే నవ్వుకుంటూ పోయింది.

ఆ తర్వాత రోజూ ఏదో ఒకటి అనేది. ఒకరోజు నేను ఇసుకలో బోర్లా పడుకుని తీస్తుంటే, "లేవే తల్లీ, పెండ మీద పండినవ్" అంది. నిజంగానే పడుకున్నాను. అమ్మ ఆ చొక్కాను రెండుసార్లు డెట్టాల్లో నానబెట్టింది.

ఒక చలికాలం ఉదయం గాలి అసలు లేదు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. బర్రెలు నీటి అంచుకి వచ్చి, దిగకుండా, ఎందుకో వరుసగా నిలబడిపోయాయి. విరిగిన కొమ్ముది అన్నిటికన్నా ముందు తల ఎత్తి నిలబడింది. ఒడ్డు వంపులోంచి చూస్తుంటే వాటి వెనక ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు. నీళ్ళలో అవతలి ఒడ్డు అద్దాల టవర్లు, వాటి పక్కనే తలకిందులుగా నల్లటి బర్రెలు. ముక్కుల్లోంచి ఆవిరి. నేను ఊపిరి బిగబట్టి ఒక్కసారి నొక్కాను. రెండోది నొక్కేలోపు వరుస చెదిరిపోయింది. ఇంటికి వచ్చి కంప్యూటర్లో చూసుకున్నప్పుడు, నేను తీసినవాటిలో ఇలాంటిది ఇంకొకటి లేదని అర్థమైంది. చూసినదాన్ని చూసినట్టే పట్టుకోగలిగాను. మనుషుల ముందు ఒక్క వాక్యం పూర్తి చేయలేని నాకు అది ఒక పూర్తి వాక్యంలా అనిపించింది.

అపార్ట్‌మెంట్ల సంఘం వాళ్ళు క్లబ్‌హౌస్‌కి రంగులు వేయించి, ఇక్కడ ఉండేవాళ్ళు తీసిన ఫోటోలు పెద్దవి చేయించి గోడలకు పెడతామని వాట్సాప్ గ్రూపులో రాశారు. మన బీచ్, మన ఫోటోలు అన్నారు. పంపడానికి నాకు చాలా రోజులు పట్టింది. పంపాను. ఎంపికైందని సెక్రటరీ గారే ఫోన్ చేశారు. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, గుంటూరు వైపు వారు. "చాలా బాగుందమ్మా, మెయిన్ గోడకి అదే" అన్నారు. అమ్మ ఆ ఆదివారం చర్చిలో అందరికీ చెప్పేసింది. నా పేరు ఎక్కడైనా గోడ మీదికి ఎక్కడం అదే మొదటిసారి. స్కూల్లో మంచి మార్కులు వచ్చినప్పుడు కూడా స్టేజీ ఎక్కలేక జ్వరం తెచ్చుకున్నదాన్ని.

ప్రారంభం రోజు వెళ్ళాం. మెయిన్ గోడ మీద, చాచిన రెండు చేతులంత వెడల్పున్న ఫ్రేములో నా ఉదయం ఉంది. మంచు, టవర్లు, కొబ్బరిచెట్టు అన్నీ ఉన్నాయి. ఇసుక శుభ్రంగా, నున్నగా, ఖాళీగా ఉంది. బర్రెలు లేవు.

ముందు నాకు ఏదో పొరపాటున వేరే ఫోటో పంపానేమో అనిపించింది. దగ్గరికి వెళ్ళాను. కింద నీళ్ళలో, తలకిందులుగా, బర్రెలు వరుసగా నిలబడే ఉన్నాయి. ఒడ్డు మీద ఉన్నవాటిని చెరిపినవాళ్ళు నీళ్ళలోకి చూడలేదు. ఎవరూ లేని ఒడ్డు కింద వాటి ప్రతిబింబాలు మాత్రం మిగిలాయి. విరిగిన కొమ్ము కూడా ఉంది.

"ఎంత ప్రశాంతంగా ఉందో" అంది ఒకావిడ. "మాల్దీవుల్లా ఉంది" అన్నాడు ఆమె భర్త. పిల్లల్ని ముందు నిలబెట్టి ఫోటోలు తీసుకున్నారు. ఎవరో ఒకరు నీళ్ళలోకి చూసి అడుగుతారని ఎదురుచూశాను. సమోసాలు అయిపోయాయి, ఎవరూ అడగలేదు. కంగ్రాట్స్ అన్న ప్రతివారికీ "థాంక్సండి" అన్నాను. అన్నకొద్దీ చెంపలు మండాయి. ఫ్రేము కింద చిన్న ఇత్తడి రేకు మీద నా పేరు మెరుస్తోంది.

రెండు రోజులు చెప్పవలసింది లోపల కూడబలుక్కుని, మూడో రోజు సంఘం ఆఫీసుకి వెళ్ళాను.

"అంకుల్, నా ఫోటోలో బర్రెలు లేవు."

"అవునమ్మా, తీయించేశాం. నీట్‌గా వచ్చింది కదూ? ప్రింటింగ్ షాపతను కూర్చున్న చోటే చేసి ఇచ్చేశాడు."

"నన్ను అడగలేదు."

"అడగడానికేముందమ్మా ఇందులో. మొహం కడిగి బొట్టు పెట్టాం, అంతే. పేరు చూశావా, ఇత్తడి మీద వేయించాను."

"నీళ్ళలో ఉన్నాయి అంకుల్."

"ఏమున్నాయి?"

"బర్రెలు."

ఆయన లేచి, క్లబ్‌హౌస్‌లోకి వచ్చి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, గోడకు ముక్కు ఆనేంత దగ్గరగా చూశారు. "రాళ్ళనుకుంటారులే" అన్నారు చివరికి. "ఎవరు చూడొచ్చారు. ఫ్లాట్లు కొనడానికి వచ్చేవాళ్ళు మొదట ఇక్కడికే వస్తారమ్మా. బీచ్ అని చెప్పి బర్రెల్ని చూపిస్తే ఏం బాగుంటుంది? మీరు టెనెంట్లు, మీకు ఆ బాధ తెలీదు."

తల ఊపి వచ్చేశాను. ఆ తల ఊపడం నాకు ఆ రాత్రంతా గుచ్చుకుంది.

మర్నాడు ఒడ్డున ఆ బర్రెలావిడకి ఫోన్లో రెండు ఫోటోలూ చూపించాను. ఆమెకి కోపం వస్తుందనుకున్నాను. వస్తే నాకు బలం వస్తుందనుకున్నాను.

ఆమె ఫోన్ దూరంగా పట్టుకుని చూసి పడి పడి నవ్వింది. "అగో, కొమ్ముది నీళ్ళల్ల ఉంది. పాపం, పీకుడు రాలే వాళ్ళకు."

"మీకు బాధ లేదా?"

"నాకేం బాధ? నా బర్రె నా తాన్నే ఉంది. పొద్దుగాల పాలు కూడ ఇచ్చింది. కాగితంల లేకుంటే ఏమాయె?" అని కర్రతో దాని వీపు మీద ఒకటి తట్టి, "నీకే పరేషాన్ ఎక్కువైంది. నీ పేరుండె గదా దాని మీద" అంది.

ఆమె ఎగతాళిగానే అంది. కానీ నేను ఇన్ని రోజులుగా తప్పించుకుంటున్నది అదే. నేను ఆమె కోసం కోపగించుకుంటున్నానని అనుకోవడం సుఖంగా ఉండింది. ఆమెకు నా కోపంతో పనిలేదు. వాళ్ళు చెరిపింది ఆమె బర్రెల్ని కాదు. ఆ ఉదయం అక్కడ నిలబడి చూసిన నన్ను. చూడనిదాన్ని చూశానని నా పేరుతో చెప్పించారు. నేను నోరు మూసుకుంటే అది నా మాటే అవుతుంది. ఇది ఇంకెవరో నా తరఫున మోసే గొడవ కాదు.

ఇంట్లో చెప్పాను. అమ్మ చపాతీలు ఒత్తుతోంది.

"పోనీవే. మనం అద్దెకున్నవాళ్ళం. ఆ సెక్రటరీ, మన ఓనరూ రోజూ కలిసి నడుస్తారు. నువ్వు కాస్త నోరు తగ్గించుకో."

"నాకు నోరెక్కడుందమ్మా తగ్గించుకోడానికి?"

అమ్మకి నవ్వొచ్చింది, ఆపుకుంది. "ఒక ఫోటో కోసం ఇల్లు ఖాళీ చేద్దామా?"

"ఆదివారం పిల్లలకి అబద్ధ సాక్ష్యం గురించి పాఠం చెప్తావు కదా. అది ఫోటోలకి వర్తించదా?"

అమ్మ అప్పడాల కర్ర ఆపింది. చర్చిలో సండే స్కూల్ టీచరైన తనతో ఎవరూ ఇలా మాట్లాడరు. "బాగానే నేర్పాను" అని మాత్రం అని, మళ్ళీ ఒత్తడం మొదలుపెట్టింది.

ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మ డ్యూటీకి వెళ్ళింది. నేను తిన్నగా క్లబ్‌హౌస్‌కి వెళ్ళాను. లోపల ఎవరిదో పుట్టినరోజు. బెలూన్లు, కుర్చీలు, నెత్తి మీద కాగితపు టోపీలతో పిల్లలు. ఇంకో రోజు వద్దాం అనిపించింది. ఇంకో రోజు రాననీ తెలుసు.

ఒక కుర్చీ లాక్కుని గోడ దగ్గర వేసుకున్నాను.

"ఫోటోలు తీయడానికి వచ్చావా అమ్మా? కేక్ ఇంకా కట్ చేయలేదు" అంది పుట్టినరోజు పిల్లవాడి తల్లి.

"కాదండి. ఈ ఫ్రేము నాది. తీసుకెళ్తున్నాను."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆమె "ఓ, సరే సరే" అని పిల్లల్ని పక్కకు జరిపింది. ఇంకెవరో కుర్చీ పట్టుకున్నారు. నేను చేసేది తిరుగుబాటని వాళ్ళకు తెలియదు. బల్ల జరుపుతున్నంత మామూలుగా సాయం చేశారు. ఫ్రేము బరువుగా ఉంది. రెండు చేతులతో ఛాతీకి ఆనించుకుని నడిస్తే గడ్డం దాని అంచుకి కొట్టుకుంటోంది.

గుమ్మం దగ్గర సెక్యూరిటీ అతను అడ్డం వచ్చాడు.

"మేడం, గా ఫ్రేము ఎటు తీస్కపోతున్నరు?"

"మా ఇంటికి."

"సెక్రటరీ సార్‌కు చెప్పిండ్రా?"

"లేదు. నాదే ఇది. కింద పేరు చూడు."

అతను వంగి రేకు చదివాడు. "పేరుంటే మీదైతదా మేడం? నా షర్ట్ మీద కంపెనీ పేరుంటది. కంపెనీ నాదా?"

ఫ్రేమును ఇంకాస్త పైకి ఎగదోసుకున్నాను. "చేతులు లాగుతున్నాయి అన్నా. లిఫ్ట్ నొక్కు."

అతను ఒక క్షణం నన్నూ, ఫ్రేమునూ చూసి, వెళ్ళి లిఫ్ట్ నొక్కాడు.

సాయంత్రానికి వాట్సాప్ గ్రూపు మండిపోయింది. క్లబ్‌హౌస్ ఆస్తి మాయమైందని ఒకరు, సీసీటీవీ చూడాలని ఒకరు, అసలు అద్దెకున్నవాళ్ళను గ్రూపులో ఎందుకు చేర్చారని ఒకరు. నేను ఒక్క మెసేజ్ పెట్టాను. ఫ్రేము మా ఇంట్లో ఉంది, నేనే తెచ్చాను అని ఫ్లాట్ నంబరుతో సహా రాశాను. తర్వాత ఎవరో గుడ్ ఈవెనింగ్ పువ్వుల బొమ్మ పెట్టారు.

అమ్మ డ్యూటీ నుంచి వచ్చి, హాల్లో గోడకు చేరగిలబెట్టిన ఫ్రేమును చూసింది. చెప్పులు విప్పుతుండగానే గంట మోగింది. సెక్రటరీ గారు.

"ఏంటండీ ఇది, అమ్మాయి ఇలా చేసింది? కమిటీ డబ్బుతో చేయించిన ఫ్రేము."

"ఫ్రేము తీసుకెళ్ళండి అంకుల్" అన్నాను. "అద్దం, చెక్క, రేకు అన్నీ మీవే. లోపలి కాగితం మాత్రం ఇవ్వను."

"కాగితం కూడా మేం వేయించిందే కదమ్మా."

"అందులో ఉన్నది నేను తీయలేదు. ఖాళీ ఒడ్డు కింద బర్రెలు నిలబడవు. నేను తీసింది వేరే ఉంది. అది పెడతానంటే ఇప్పుడే ఇస్తాను."

"బర్రెలతో కమిటీ ఒప్పుకోదు."

"అయితే వద్దండి."

ఆయన అమ్మ వైపు తిరిగారు. పెద్దవాళ్ళు పెద్దవాళ్ళతో మాట్లాడే గొంతుతో, "నేను మీ ఓనర్‌తో ఓ మాట చెప్పాల్సొస్తుందండి మరి" అన్నారు.

అమ్మ ముఖం పాలిపోయింది. నేను చూశాను. ఇల్లు మారడమంటే ఏమిటో మాకు తెలుసు. ఇద్దరు ఆడవాళ్ళే అంటే వంద ప్రశ్నలు, చర్చికి పోతామంటే ఇంకో పది. అమ్మ కొంగుతో మెడ తుడుచుకుని, "చెప్పండి సార్. దాచేదేముంది. కాఫీ తాగుతారా?" అంది.

ఆయన కాఫీ తాగలేదు. నేను వెనక మేకులు ఊడదీసి, కాగితం చుట్ట చుట్టుకుని, ఖాళీ ఫ్రేము చేతికిచ్చాను. దాన్ని పట్టుకుని లిఫ్ట్ కోసం నిలబడితే, పాపం, ఆయనే ఆ ఫ్రేములో ఉన్నట్టున్నారు. నవ్వకుండా తలుపు వేశాను.

ఓనర్ ఫోన్ చేశాడు. అమ్మతో చాలాసేపు మాట్లాడాడు. ఒప్పందం అయిపోయేదాకా ఉండమన్నాడు, ఆ తర్వాత చూద్దామన్నాడు. ఆ తర్వాత ఏమవుతుందో నాకు తెలియదు. ఉంటే ఉంటాం, లేకపోతే కొత్తగూడ వైపో బాచుపల్లి వైపో ఇంకో ఇల్లు వెతుక్కుంటాం. భయం లేదని చెప్పను. కానీ ఆ తల ఊపిన రాత్రి కన్నా ఈ భయం నయం. క్లబ్‌హౌస్ గోడ మీద ఇప్పుడు ఏ ఊరిదో జలపాతం బొమ్మ ఉంది. దాని కింద ఎవరి పేరూ లేదు.

వారం తిరగకుండా ఇసుక మొదట్లో కొత్త బోర్డు పాతారు. కమిటీ అనుమతి లేనిదే కెమెరాలు వాడరాదట. ఫోన్లకు అభ్యంతరం లేదట. మర్నాడు పొద్దున నేను ఎప్పటిలాగే కెమెరా మెడలో వేసుకుని దిగాను. ఆ సెక్యూరిటీ అతనే వెనకే వచ్చాడు.

"మేడం, బోర్డు చూసిండ్రా?"

"చూశాను. ఫోటో కూడా తీశాను."

అతను నవ్వు ఆపుకోవడానికి టోపీ సర్దుకున్నాడు. రాళ్ళ సందులోంచి బర్రెలు ఒక్కొక్కటే దిగుతున్నాయి.

"మరి సార్ అడిగితే నన్ను ఏం చెప్పమంటరు?"

"చెప్పావు కదా. వినలేదని చెప్పు" అని కెమెరా కంటికి ఆనించుకున్నాను.